ఇండ్ల లెక్క ఎవరు వ్రాయాలి?

(సమాఖ్య కార్యకర్తల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠం)



నగరాల గృహవసతి భవిష్యత్తును నిర్ణయించుటలో యువజనులను, బస్తీవాసులను ఎట్లు భాగస్వాములను చేయవలెనన్న విషయంపై నన్ను మాట్లాడమన్నారు. కార్యక్రమ పత్రం చూచిన మిత్రుడొకరు నిన్న భోజనాల వద్ద, "పింఛను గురించి, ఖాళీ పోస్టుల గురించి చెప్పక ఈ ఇండ్ల గొడవ మనకెందుకండీ?" అని అడిగారు. ఆయన అడిగినదానిలో తప్పులేదు. సమాధానం మాత్రం మన చరిత్రలోనే ఉన్నది.

1974 మే 8న మొదలై 27వ తేదీ వరకు సాగిన రైల్వే సమ్మెను ప్రభుత్వం అరెస్టులతో మాత్రమే ఎదుర్కొనలేదు. పనిలోకి రాని ఉద్యోగుల భార్యాబిడ్డలను అనేక రైల్వే కాలనీలలో క్వార్టర్ల నుండి సామానుతో సహా వీధిలోకి నెట్టారు. అప్పటికి నేను బడికి కూడ పోని పిల్లవాణ్ణి. మా నాయన కీమాన్. ఆ ఇరవై రోజులూ మా అమ్మ వంటపాత్రలు రెండు మూటలుగా కట్టి తలుపు ప్రక్కనే ఉంచిందని, అన్నం వండవలసి వచ్చినప్పుడు మూట విప్పి, తిన్న తరువాత మరల కట్టేదని ఆయన చెప్పేవారు. మమ్ములను వెళ్ళగొట్టలేదు. కాని ఇంటి తాళంచెవి ఎవరి చేతిలో ఉన్నదో ఆ మూటలు చూచిన వారెవరూ మరువలేదు.

ఉద్యోగంలో ఉన్నంతకాలం మనకు క్వార్టరో, ఇంటి అద్దె భత్యమో ఉన్నది. ఏడవ వేతన సంఘం మూల వేతనంలో 24, 16, 8 శాతాలుగా నిర్ణయించిన భత్యం, కరవుభత్యం 50 శాతానికి చేరిన తరువాత 2024 నుండి 30, 20, 10 శాతాలయింది. ఆ సొమ్ముతో పెద్ద నగరంలో ఎటువంటి గది దొరుకునో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇక గ్రామీణ డాక్ సేవక్ సోదరుల సంగతి విచిత్రం. బ్రాంచి పోస్టుమాస్టరు తన ఇంటి మాట అటుంచి, పోస్టాఫీసుకే చోటు తాను చూపవలెను! పదవీవిరమణ దినాన ఖర్గపూర్‌లోనైనా, కాజీపేటలోనైనా, గుంతకల్లులోనైనా ఒకటే ప్రశ్న: క్వార్టరు ఖాళీ చేసి ఎక్కడికి? ఖర్గపూర్‌లో తాతల కాలం నుండి రైల్వేనే నమ్ముకొని స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు, తిరిగి పోవుటకు ఆంధ్రదేశంలో గ్రామమే మిగలలేదు.

కనుక ఇది మన ప్రశ్నే. అయితే దీనిని మనం ఒంటరిగా పరిష్కరించుకొనగలమా అన్నది నేను చర్చించదలచిన విషయం. అందుకు మన రైలుపట్టాల ప్రక్కనే జరిగిన ఒక అనుభవాన్ని కొంత వివరంగా చెప్పుతాను.

బొంబాయి నగరంలో, అణుశక్తి కేంద్రానికి చేరువలో, జనతా కాలనీ అనే బస్తీ ఉండేది. కోలారు బంగారుగనుల ప్రాంతం నుండి వలస వచ్చిన జోకిన్ అర్పుతం అనే యువకుడు అక్కడ కాపురముండేవాడు. బస్తీలో చెత్త తీసే నాథుడు లేడు. ఎన్ని అర్జీలు పెట్టుకొన్నా పురపాలక సంస్థ పలుకలేదు. అప్పుడతడు పిల్లలను వినోదయాత్రకని పోగుచేసి, తలా ఒక కిలో చెత్త కాగితంలో చుట్టి తెమ్మని, ఆ పొట్లాలన్నీ పురపాలక కార్యాలయం ముందు పడవేయించాడు. మూడువేలమంది పిల్లలు వచ్చారని ఆయనే తరువాత చెప్పుకొన్నారు. చెత్త ఎత్తే ఏర్పాటు వెంటనే జరిగింది. ఆ కాలనీని అత్యవసర పరిస్థితిలో, 1976 మే నెలలో, కూల్చివేసి జనాన్ని చీతా క్యాంపుకు తరలించారు. పోరాటం ఓడింది, నిజమే. కాని ఆ పోరాటం నుండే జాతీయ మురికివాడల నివాసుల సమాఖ్య నిలదొక్కుకొన్నది. అర్పుతం 2018లో మరణించేవరకు దానికి నాయకులుగా ఉన్నారు.

1981 వర్షాకాలంలో పేవ్‌మెంట్లపై నివసించేవారిని బొంబాయి నుండి పంపివేయుటకు ప్రభుత్వం పూనుకొన్నది. వివాదం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1985 జులైలో ఓల్గా టెల్లిస్ కేసులో వచ్చిన తీర్పు, జీవించే హక్కులో జీవనోపాధి హక్కు ఇమిడి ఉన్నదని ప్రకటించింది. అదే తీర్పు, నోటీసు ఇచ్చి ఖాళీ చేయించవచ్చునని కూడ చెప్పింది. మొదటి సగాన్ని మనం సభలలో తరచు ఉటంకిస్తాము. రెండవ సగం అధికారుల ఫైళ్ళలో భద్రంగా ఉంటుంది.

ఆ తీర్పు వచ్చిన సంవత్సరమే స్పార్క్ అనే సంస్థ పేవ్‌మెంట్ వాసుల జనగణన చేసింది. సుమారు 6,000 కుటుంబాలు, 27,000 మంది లెక్కకు వచ్చారు. అంతవరకు ప్రభుత్వ రికార్డులలో వీరు లేరు. పత్రికల దృష్టిలో బిచ్చగాండ్రు, నేరస్థులు. లెక్క చూడగా తేలినదేమి? వీరు నగరానికి అత్యంత చవకగా పనిచేసే శ్రామికులు, పనికి నడిచిపోగల దూరంలో ఉండవలెననే పేవ్‌మెంటుపై పడి ఉన్నారు. ఆ పేవ్‌మెంటు స్త్రీలు మహిళా మిలన్‌గా సంఘటితమై, తమకు కావలసిన ఇల్లు ఎట్లుండవలెనో చీరెలతో, కర్రలతో నిలువెత్తు నమూనాగా నిలబెట్టి చూపారు. 14 అడుగుల ఎత్తుగల ఒకే గది; సగంలో అటక. క్రింద వంట, పైన పడక. భూమి తక్కువైనప్పుడు ఎత్తు పెంచుకొనవలెనన్న తెలివి వారిది. మన ఇంజనీరింగు విభాగం మిత్రులు దీనిని కొంచెం గమనించవలెనని మనవి.

ఇప్పుడు రైలుపట్టాల వద్దకు వస్తాను. సబర్బన్ లైన్ల వెంబడి, కొన్నిచోట్ల రైలు పెట్టె నుండి చేయి చాచితే అందేటంత దగ్గరగా గుడిసెలుండేవి. మోటర్‌మెన్ సోదరుల బాధ నాకు తెలుసు. పట్టాలపై పిల్లలు ఆడుకొంటుంటే బ్రేకుపై చేయి వేసి గుండె చిక్కబట్టుకొనవలసినవారు వారు. గుడిసెలు మరీ దగ్గరైనచోట వేగ పరిమితి విధించేవారు. ఆలస్యానికి ప్రయాణికుల తిట్లు మనకు పడేవి. "వీళ్ళను తొలగించండి" అని మన సంఘాల వేదికలపై కూడ మాట్లాడినవారున్నారు. 1980ల చివరలో జరిగిన సర్వేలో పట్టాల ప్రక్కన సుమారు 18,000 కుటుంబాలున్నట్లు తేలింది. ఈ సర్వేలో బస్తీవాసుల పాత్రే నేను ముఖ్యంగా చెప్పవలసినది. ప్రతి గుడిసెకు సుద్దతో అంకె వేసి, వీధివీధికి చేతితో పటం గీసి, పేర్ల జాబితాను బస్తీలోనే అందరి ఎదుట పెట్టి, "మా పేరు తప్పింది", "వాడిక్కడ ఉండుటలేదు" అన్న తగాదాలను అక్కడికక్కడే తేల్చుకొన్నారు. ఒకరి ఇంటిని రెండు ఇండ్లుగా చూపితే పొరుగువాడు ఊరుకొనడు. కచేరిలో కూర్చుండి వ్రాసిన జాబితాకు ఈ కట్టుదిట్టం రాదు. మాన్‌ఖుర్ద్ వద్ద కొత్త లైను కొరకు 180కి పైగా కుటుంబాలు తామే సంఘంగా ఏర్పడి వేరొకచోట ఇండ్లు కట్టుకొని కదలుట దీనికి తొలి ఫలితం.

2000 సంవత్సరం తొలినాళ్ళలో హార్బర్ లైనుపై సుమారు 2,000 గుడిసెలను రైల్వే యంత్రాంగం కూల్చింది. చేతిలో జాబితా, వెనుక సంఘం ఉన్నందున బస్తీవాసులు నిలబడి అడిగారు, కూల్చివేత ఆగింది. ముంబయి పట్టణ రవాణా పథకం క్రింద కొద్దికాలంలోనే సుమారు 60,000 మంది బలప్రయోగం లేకుండ పట్టాల ప్రక్క నుండి తరలిపోయారు. ఎవరి గుడిసెను వారే విప్పుకొన్నారు. ఎవరి ప్రక్కన ఎవరుండవలెనో తామే నిర్ణయించుకొన్నారు. వారు వెళ్ళిన వెంటనే రైల్వే గోడ కట్టుకొన్నది, రైళ్ళు వేగం పుంజుకొన్నవి. పదుల సంవత్సరాలు పోలీసు బలగాలకు సాధ్యపడనిది సుద్దముక్కతో సాధ్యపడింది.

కథ ఇక్కడ ఆపితే చప్పట్లకు బాగుంటుంది. కాని నేను సంఘంలో ముప్పైయేళ్ళు పనిచేసినవాడిని, సగం రిపోర్టు ఇవ్వలేను. వెళ్ళినచోట ఏమైనది? చాలమందికి దక్కినది 225 చదరపు అడుగుల ఫ్లాటు. బిల్డరు ఆ ఇండ్లు కట్టి ఇచ్చినందుకు ప్రతిఫలంగా నగరంలో వేరొకచోట అదనపు అంతస్తులు వేసుకొనే హక్కు పొందాడు. అందువలన ఇచ్చిన స్థలంలో ఎన్ని ఎక్కువ ఫ్లాట్లు ఇరికిస్తే అతనికి అంత లాభం. మాన్‌ఖుర్ద్, గోవండి ప్రాంతాలలోని కొన్ని పునరావాస కాలనీలలో భవనాల మధ్య సందులు ఎంత ఇరుకైనవంటే క్రింది అంతస్తులకు ఎండ తగలదు, గాలి ఆడదు. అక్కడ క్షయవ్యాధి విస్తృతికి ఈ నిర్మాణమే ఒక కారణమని వైద్యులు అధ్యయనం చేసి చెప్పారు. 2006లో ప్రపంచ బ్యాంకు కూడ, ఫిర్యాదులపై విచారణ అనంతరం, ఈ పథకంలోని రోడ్ల, పునరావాస భాగాలకు కొన్ని నెలలు నిధులు నిలిపివేసింది. ఎప్పుడు కదలవలెనో, ఎవరి ప్రక్కన ఉండవలెనో జనాన్ని అడిగారు. ఇల్లు ఎట్లుండవలెనో మాత్రం అడుగలేదు. చీరెలతో నిలబెట్టిన 14 అడుగుల గది ఆ బిల్డర్ల నక్షాలలో ఎక్కడా కనపడదు.

ఇంకొక లోటు యువకులది. ఈ పథకాలన్నింటిలో లెక్క గుడిసెకు ఒకటి. ఒక గుడిసె, ఒక ఫ్లాటు. అందులో పెండ్లీడు వచ్చిన ఇద్దరు కొడుకులు, చదువుకొంటున్న కూతురు ఉన్నారా అన్న ప్రశ్న పత్రంలోనే లేదు. నేడు ధారావిలో ఇదే వివాదం నడుస్తున్నది. 2022 నవంబరులో ఆ పునర్నిర్మాణ టెండరు అదానీ సంస్థకు దక్కింది. దాదర్, మాటుంగా ప్రాంతంలోని సుమారు 45 ఎకరాల రైల్వే భూమి కూడ ఆ పథకంలో చేరింది. 2000 జనవరి 1కి ముందునుండి ఉన్నవారికి అక్కడే ఉచితంగా ఇల్లు, తరువాత వచ్చినవారికి ధారావి వెలుపల, సొమ్ము చెల్లించి. ఆ తేదీ తరువాత ధారావిలోనే పుట్టి, అక్కడి తోళ్ళ పనిలోనో కుమ్మరి పనిలోనో చేతులు కాయలు కాసిన యువకుడు ఏ జాబితాలోకి వస్తాడు? తండ్రి పేరు క్రింద ఒక అంకె, అంతే.

ఈ విషయంలో మన పొరుగుదేశపు నగరం నుండి నేర్చుకొనవలసినది ఉన్నది. కరాచీలోని ఒరంగిలో 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ ఆరంభించిన పథకం గురించి మీలో కొందరు విని ఉంటారు. సందుకు ఇరవై నలభై ఇండ్లవారు కలసి, తమ సొమ్ముతో తామే మురుగు గొట్టాలు వేసుకొన్నారు. పెద్ద కాలువలు మాత్రం ప్రభుత్వం కట్టవలెనన్నారు. అది తొలి మెట్టు. తరువాత ఆ సంస్థ బస్తీ యువకులకు కొలత టేపు, సర్వే పని, నక్షా గీయుట నేర్పింది. ఆ పిల్లలు ఒక్కొక్క కచ్చీ ఆబాదీ తిరిగి పటాలు గీయగా, ప్రభుత్వం "ఇక్కడ ఏమీ లేదు" అన్నచోట జనం తమ ఖర్చుతో వేసుకొన్న గొట్టాలు మైళ్ళ కొలది బయటపడ్డవి. పటం ఎదుట పెట్టినప్పుడు ఇంజనీరు దానిని ఖండించనైనా ఖండించవలెను, ఒప్పుకొననైనా ఒప్పుకొనవలెను. ఈ పని ఎంత బలమైనదో శత్రువులకు కూడ తెలుసు. దానికి నేతృత్వం వహించిన వాస్తుశిల్పి పర్వీన్ రెహమాన్‌ను 2013 మార్చి 13న కాల్చి చంపారు. ఆ నగరంలోనే 2019లో సర్క్యులర్ రైల్వే పునరుద్ధరణ పేర పట్టాల ప్రక్క ఇండ్లు వందల కొలది కూలినవి. పట్టాలు ఏ దేశంలో ఉన్నా ఈ కథ తప్పుటలేదు.

మన దేశంలో చూడండి. 2020 ఆగస్టు 31న ఢిల్లీలో పట్టాల ప్రక్క 48,000 గుడిసెలను మూడు నెలలలో తొలగించమని సుప్రీంకోర్టు ఉత్తర్వు. పునరావాసం తేలేవరకు తొలగించబోమని ప్రభుత్వం తరువాత చెప్పవలసివచ్చింది. 2023 జనవరిలో హల్ద్వానీలో రైల్వే తనదన్న భూమిపై వేలాది కుటుంబాల తొలగింపును అదే న్యాయస్థానం ఆపింది. విజయవాడ రాజరాజేశ్వరీపేట సంగతి ఆ డివిజను మిత్రులకు విదితమే. ఇంకొకవైపు, 2006లో ఏర్పడిన రైల్వే భూముల అభివృద్ధి సంస్థ మన కాలనీల స్థలాలను కూడ దీర్ఘకాలపు లీజులకు ఇచ్చే పని చేస్తున్నది. బస్తీవాడికి "నీవు ఆక్రమణదారుడవు" అని, మనకు "ఈ స్థలం విలువైనది" అని చెప్పుచున్నారు. మాటలు వేరైనా, వెళ్ళవలసిందన్న తాత్పర్యం ఒకటే.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పుకొనవలసి ఉన్నది. ఇరవైఏడేళ్ళ క్రిందట నేనొక జంక్షనులో బ్రాంచి బాధ్యతలలో ఉన్నాను. ఊరి పేరు వద్దు. లైన్ల ప్రక్కన అరవై డెబ్బై గుడిసెలు. మనవారికి క్వార్టర్లు చాలవు. ఆ స్థలం ఖాళీ చేయించి క్వార్టర్లు కట్టవలెనని మేమే తీర్మానం చేశాము. యాజమాన్యం మా తీర్మానాలలో దేనినీ అంత త్వరగా అమలుపరచలేదు! ఒక ఉదయం గుడిసెలు పోయినవి. వాసాలు మోయుటకు మన ట్రాక్‌మెన్‌నే పిలిచారు. అందులో ఒక గుడిసె మన యూనియన్ సభ్యుడిగా చనిపోయిన గ్యాంగ్‌మాన్ భార్యదని మోస్తున్నవారికి అప్పుడు తెలిసింది. క్వార్టరు ఖాళీ చేసి ఆమె అక్కడ చేరింది. క్వార్టర్లు నేటికీ కట్టలేదు. కంచె వేశారు, లోపల సర్కారుతుమ్మ మొలిచింది. ఆ తీర్మానం క్రింద రెండవ సంతకం నాది.

నిరుడు అదే జంక్షనులో మన సభ్యుల పిల్లలు, ప్రక్క బస్తీ పిల్లలు కలసి కాలనీని, బస్తీని లెక్కించారు. పత్రం తయారుచేసినది మేము పెద్దలము. "గదులెన్ని?" అని అడిగాము. రెండవ దినానికే ఒక ట్రాక్‌మాన్ కూతురు వచ్చి, "ఈ ప్రశ్న వద్దండీ, రాత్రి ఎవరెక్కడ పడుకొంటారని అడుగుదాము" అన్నది. ప్రశ్న మార్చగానే జవాబులు మారినవి. పెద్దకొడుకు ప్లాట్‌ఫారంపై పడుకొంటాడు. పోటీ పరీక్షకు చదివే పిల్ల వరండాలో, నాయన నైట్ డ్యూటీకి పోయినప్పుడు మాత్రం లోపల. ఇంకొక సంగతి: ఇంటింటికీ పోతే మగవారే జవాబు చెప్పుచున్నారు. ఆ పిల్లలు తెల్లవారుజామున కుళాయి వద్ద నిలబడి ఆడవారిని అడిగారు. యాభయ్యేళ్ళు పైబడిన నాకు ఈ రెండు సూత్రాలూ ఇరవయ్యేళ్ళ పిల్ల వలన తెలిసినవని ఒప్పుకొనుటకు సిగ్గుపడను. బస్తీలో రిటైరైన మనవారి కుటుంబాలు ఎన్ని ఉన్నవో కూడ అప్పుడే బయటపడింది. ఆక్రమణదారులని మనం పిలిచే జనంలో మన పాత సభ్యులే ఉన్నారు.

తపాలా సోదరులకు ఒక మాట. గుమ్మానికి అంకె లేని సందులో కూడ ఎవరెక్కడున్నారో ఎరిగినవాడు పోస్టుమాన్. 2025 మే నెలలో మన శాఖ డిజిపిన్ తెచ్చింది. హైదరాబాదు ఐఐటి, జాతీయ దూరసంవేదన కేంద్రాల తోడ్పాటుతో తయారైన ఈ పది అక్షరాంకెల గుర్తు, నాలుగేసి మీటర్ల గడికి ఒకటి చొప్పున దేశమంతటా వర్తిస్తుంది. మంచిదే. కాని గడికి అంకె పడినంతమాత్రాన గడిలోని మనిషికి నివాసహక్కు రాదు. మరొక జాగ్రత్త కూడ అవసరం: బట్వాడాలో తెలిసిన చిరునామాలను, వ్యక్తుల వివరాలను మనం ఎవరికీ, మన సర్వే పిల్లలకు కూడ, ఇవ్వరాదు. అది శాఖ నియమం, జనవిశ్వాసం కూడ. పిల్లలు లెక్కకు వచ్చినప్పుడు బస్తీలో వారిని పరిచయం చేయండి, చాలు. మీ యూనిఫారం ప్రక్కన ఉంటే తలుపు తెరుచుకొంటుంది.

లెక్క తయారైన తరువాత ఎక్కడ పెట్టవలెను? 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం మూడు లక్షలకు మించిన జనాభాగల పట్టణాలలో వార్డు కమిటీలుండవలెను. చాలచోట్ల అవి కాగితంపైనే ఉన్నవి, ఉన్నచోట మనం వెళ్ళుటలేదు. నగర మాస్టర్ ప్లాను ముసాయిదా ప్రకటించినప్పుడు అభ్యంతరాలకు గడువు ఇస్తారు. ముంబయిలో 2015 ఫిబ్రవరిలో వెలువడిన ముసాయిదాలో ఉన్న కట్టడాలను వదలి, ఇండ్ల మీదుగా రోడ్లు గీసిన తప్పులను జనం ఎత్తిచూపగా రెండు నెలలకే దానిని ప్రక్కన పెట్టి తిరిగి తయారుచేయవలసి వచ్చింది. ఢిల్లీలో 2041 ప్రణాళికపై అసంఘటిత కార్మికులు, బస్తీ సంఘాలు కలసి ఇదే పనికి పూనుకొన్నవి. ఆ గడువు ముప్పై దినాలో, అరవై దినాలో ఉంటుంది. ముందుగా లెక్క చేతిలో లేనివాడు ఆ దినాలలో ఏమీ చేయలేడు.

కనుక నా ప్రతిపాదన చిన్నది. రానున్న ఆరు నెలలలో ప్రతి డివిజనులో ఒక కాలనీ, దాని ప్రక్కనున్న ఒక బస్తీ, రెండింటినీ కలిపి ఒకే పత్రంపై లెక్కించవలెను. విడివిడిగా వద్దు. లెక్కించేవారు ముప్పైయేళ్ళలోపువారు, అందులో సగం ఆడపిల్లలు. జాబితా ముందు బస్తీలో అతికించవలెను, తరువాతనే మన కార్యాలయానికి రావలెను. బస్తీవారి అనుమతి లేకుండ యాజమాన్యానికి ఇవ్వరాదు. ఎందుకనగా తొలగింపు జాబితాగా మారని లెక్క లేదు, జాగ్రత్తపడకపోతే. అన్నింటికంటె ముందు, పునరావాసం చూపకుండ ఏ స్థలాన్నైనా ఖాళీ చేయించమని కోరుతూ మన బ్రాంచీలలో తీర్మానాలుంటే వాటిని రద్దు చేయవలెను. నాది నేను మొన్న జనరల్ బాడీలో రద్దు చేయించాను. ఏకగ్రీవంగా కాదు, పదకొండు ఓట్ల తేడాతో.

వ్యతిరేకంగా ఓటు వేసినవారిలో ఇద్దరు ఈ హాలులోనే ఉన్నారు. వారిలో ఒకరు గార్డు, ఇప్పుడు ట్రైన్ మేనేజరు అనవలెనట, ఇందాకటి నుండి చేయి ఎత్తి ఉన్నారు. అధ్యక్షుల అనుమతితో ముందు వారినే మాట్లాడనివ్వండి.